తిప్పుడు వేరు, దొర్లించుడు వేరు

రెండు వేల సంవత్సరం ఫిబ్రవరిలో నన్ను మొయినాబాద్ యూనిట్‌కు వేశారు. హోదా ట్రైనీ సాఫ్ట్‌వేర్ ఇంజనీర్. ప్రొబేషన్ ఆరు నెలలు, అందులో మూడు నగరంలోని శిక్షణలోనే గడిచిపోయాయి. అప్పటికి నా వయసు ముప్పై తొమ్మిది. పద్నాలుగేళ్లు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో గణితం చెప్పి, పర్మనెంట్ ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, కంప్యూటర్ గ్రాఫిక్స్ చేస్తానని బయటికి వచ్చినదాన్ని. చుట్టాల్లో ఒక్కరు కూడా మంచి పని చేశావనలేదు. నాకు మాత్రం చేశాననే అనిపించింది, ఇప్పటికీ అనిపిస్తుంది.

ఆ రోజుల్లో నగరంలో ఖాళీ గది కనిపిస్తే చాలు, సాయంత్రానికి దానికొక సాఫ్ట్‌వేర్ బోర్డు వేలాడేది. ఆ కిరాయిలు మా యజమాని భరించలేకపోయాడు. మొయినాబాద్ దాటాక రోడ్డుకు కాస్త లోపలగా ఉన్న ఒక మామిడితోటలోని ఫామ్‌హౌస్ తీసుకున్నాడు. హాల్లో కంప్యూటర్లు, పడకగదిలో సర్వర్, వంటింట్లో యూపీఎస్ బ్యాటరీలు. కరెంటు పోతే బ్యాటరీలు ఇరవై నిమిషాలు వచ్చేవి. ఆ తర్వాత అందరం తోటలోకి వెళ్లి కూర్చునేవాళ్లం. పని చేసేవాళ్లం ఏడుగురం. మా పైన టీమ్ లీడ్ కిరణ్, అతని పైన నగరంలో ఉండే ప్రాజెక్ట్ మేనేజర్.

కిరణ్ నా విద్యార్థి. రెండో సంవత్సరంలో నా దగ్గర మాత్రికలు నేర్చుకున్నవాడు. చేరిన రోజు నేను లేచి "గుడ్ మార్నింగ్ సర్" అంటే అతను నాకంటే ముందే లేచి నిలబడ్డాడు. కాసేపు ఇద్దరం నిలబడే ఉన్నాం. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: అతను నన్ను మేడమ్ అనవచ్చు, నేను అతన్ని కిరణ్ అనవచ్చు, కాని నా పనిలో తప్పుంటే మొహమాటపడకుండా చెప్పాలి. కాలేజీలో నేను అతని పట్ల ఎన్నడూ మొహమాటపడలేదు, కాబట్టి బాకీ తీర్చుకోమని కూడా చెప్పాను.

మా పని ఇది. విదేశంలో ఒక కంపెనీ పెద్ద పెద్ద నీటి పంపుల భాగాలను పోత పోస్తుంది. పోత పోసిన ప్రతి ముక్కను తనిఖీ చేసేవాళ్లు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, పగుళ్లు, గాలి బుడగల గుంటలు ఉన్నాయేమో చూస్తారు. చేతికి ఎత్తలేనంత పెద్ద ముక్కలను యంత్రంతో స్కాన్ చేసి, ఆ రూపాన్ని కంప్యూటర్ తెర మీద చూపించాలని ఆ కంపెనీ అనుకుంది. తెర మీద ముక్కను మౌస్‌తో పట్టుకుని తిప్పి చూసే ప్రోగ్రామ్ మాది. వ్యూయర్ అనేవాళ్లం.

నేను వెళ్లేటప్పటికే మొదటి వెర్షన్ వెళ్లి, తనిఖీదారులు దాన్ని వాడి, ఒక ఉత్తరం రాశారు. రెండున్నర పేజీలు. వాళ్ల భాషలో రాసినదాన్ని ఎవరో ఇంగ్లీషులోకి మార్చారు. కొత్తగా వచ్చినదాన్ని కాబట్టి నాకిచ్చిన మొదటి పని ఆ ఉత్తరం చదివి లోపాల రిజిస్టర్‌లో ఎక్కించడం. లోపాల రిజిస్టర్ అంటే ఏ తప్పు ఎక్కడుంది, ఎవరు సరిచేయాలి, ఎప్పటికి అని రాసే పట్టిక. పరీక్ష పేపర్లు దిద్దిన చెయ్యి కదా, సోది తీసేసి సారం పట్టుకోవడం నాకు బాగా వచ్చు. రెండున్నర పేజీలను తొమ్మిది వాక్యాలు చేశాను. నాలుగో వాక్యం: "రొటేషన్ స్మూత్‌గా లేదు." కిరణ్ చూసి, ఇంత నీటుగా ఎవరూ రాయలేదు మేడమ్ అన్నాడు. నేను పొంగిపోయాను.

ఆ నాలుగో వాక్యం మీద ముగ్గురు ఇంజనీర్లు మూడు వారాలు పని చేశారు. స్మూత్‌గా లేదంటే బొమ్మ ఆగి ఆగి కదులుతోందని అర్థం చేసుకున్నారు. ముక్క ఉపరితలాన్ని కంప్యూటర్ వేల త్రిభుజాలుగా గీస్తుంది. తిరుగుతున్నంతసేపు తక్కువ త్రిభుజాలు, ఆగినప్పుడు పూర్తి త్రిభుజాలు గీసేటట్టు మార్చారు. బొమ్మ వెన్నలా కదిలింది. సీడీలో పెట్టి పంపాం. పది రోజులకు జవాబు వచ్చింది: "మార్పు ఏమీ లేదు."

మేనేజర్ ఆ మధ్యాహ్నమే నగరం నుంచి వచ్చాడు. మామిడిచెట్ల కింద అందరినీ నిలబెట్టి సంగతి చెప్పాడు. ఏప్రిల్ ఆఖరులో క్లయింట్ మనుషులే స్వయంగా వస్తున్నారు. ఇద్దరు తనిఖీదారులు, ఒక ఇంజనీర్, ఒక దుబాసీ. వాళ్లు ఇక్కడే కూర్చుని వాడి చూస్తారు. దాన్ని యాక్సెప్టెన్స్ టెస్ట్ అంటారు. పాసైతే పని కొనసాగుతుంది. కాకపోతే పని ఇంకో కంపెనీకి పోతుంది, మొయినాబాద్ యూనిట్ మూతపడుతుంది, ప్రొబేషన్‌లో ఉన్నవాళ్లు మొదట ఇంటికి వెళ్తారు. ప్రొబేషన్‌లో ఉన్నది నేనొక్కదాన్నే. ఆయన ఎవరివైపు చూడకుండా ఆ మాట అన్నాడు, అది ఆయన మర్యాద. రాజీనామా ఇచ్చిన కాలేజీ నన్ను వెనక్కి తీసుకోదు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదని చెప్పడానికి నాకు నామోషీ లేదు.

మర్నాడు కిరణ్ దగ్గర రొటేషన్ కోడ్ అడిగి తీసుకుని చదివాను. అందులో ఏముందో ఇక్కడ కాస్త చెప్పాలి.

అప్పటి మౌస్ కడుపులో ఒక రబ్బరు గోళీ ఉండేది. అది బల్ల మీద దొర్లితే రెండు చిన్న రోలర్లు తిరుగుతాయి, ఒకటి అడ్డానికి, ఒకటి నిలువుకు. అంటే మౌస్ మనకిచ్చేవి రెండే అంకెలు. వస్తువును ఎటైనా తిప్పాలంటే మూడు అంకెలు కావాలి. అందుకని కిరణ్ ఒక తేలికైన దారి పట్టాడు. వస్తువు కదలదు, చూసేవాడే దాని చుట్టూ తిరుగుతాడు. మౌస్ అడ్డంగా జరిపితే చుట్టూ నడిచినట్టు, నిలువుగా జరిపితే పైకెక్కినట్టు, కిందికి దిగినట్టు. ఎక్కడినుంచి తట్టింది ఈ ఆలోచన అని అడిగాను. వీసా కోసం చిల్కూరు గుడిలో పదకొండు ప్రదక్షిణలు చేస్తున్నప్పుడు తట్టిందని కొంచెం సిగ్గుపడుతూ చెప్పాడు. వీసా రాలేదు, కోడ్ మాత్రం వచ్చింది.

ప్రదక్షిణ పద్ధతి ఇల్లు చూడటానికి బాగుంటుంది, విగ్రహం చూడటానికి ఇంకా బాగుంటుంది. కాని పైకెక్కి ఎక్కి సరిగ్గా శిఖరం మీదికి వెళ్లాక ప్రదక్షిణ చేద్దామంటే కాలు పెట్టడానికి చుట్టూ చోటుండదు, ఉన్నచోటే గిర్రున తిరుగుతాం. తెర మీద కూడా అంతే. వస్తువును పైనుంచి చూస్తున్నప్పుడు మౌస్ అడ్డంగా జరిపితే బొమ్మ చక్రంలా తిరుగుతుంది తప్ప పక్క భాగం కనిపించదు. ఇది గణితంలో తెలిసిన జబ్బే. దీనికి మందు కూడా ఉంది. మూడు కోణాలకు బదులు నాలుగు అంకెలతో భ్రమణాన్ని రాసే పద్ధతి, క్వాటర్నియన్లు అంటారు. నేను పద్నాలుగేళ్లు బోర్డు మీద రాసింది అదే. పన్నెండు రోజుల్లో కిరణ్ కోడ్ మొత్తం తీసేసి నాది పెట్టాను. వెంట పద్నాలుగు పేజీల నిరూపణ కూడా జత చేశాను. శిఖరం దగ్గర ఇబ్బంది పోయింది. ఎటు జరిపినా ఏదో ఒక వైపుకు తిరుగుతూనే ఉంది. నా మందు పని చేసిందని గర్వంగా ప్రకటించాను.

కిరణ్ ఒక పూటంతా దాన్ని తిప్పి చూశాడు. ఒప్పందం ప్రకారం మొహమాటం లేకుండా చెప్పాడు. "మీ మ్యాథ్స్ కరెక్టే మేడమ్, ఒక్క లైన్ తప్పు లేదు. గని నాకు ఇంకా మంచిగ అనిపిస్తలేదు. ఎందుకో చెప్పమంటే చెప్పలేను." కారణం చెప్పలేని అభ్యంతరానికి మార్కులు వేసే అలవాటు నాకు లేదు. నీకు పాతది అలవాటైంది, కొత్తది అలవాటు చేసుకో అన్నాను. నాకైతే హాయిగా ఉంది. ఉంటుంది మరి, పన్నెండు రోజులుగా నా చెయ్యి ఆ ప్రోగ్రామ్ తప్పులకు తగ్గట్టు తనే వంకర తిరగడం నేర్చుకుంది. ఆ సంగతి నాకు తెలియదు.

మా పుట్టిల్లు చేవెళ్ల పక్కన. అన్న వ్యవసాయం చూసేవాడు. వదినె పద్మమ్మ ఆ ఏళ్లలో ఊరి సర్పంచి. పేరుకు భార్య సర్పంచి, పెత్తనం భర్తది అనే ఊళ్లు ఉంటాయి. మా ఊళ్లో అది నడవలేదు, మా అన్నకు ఆ భ్రమ కూడా లేదు. వేసవి పంట తర్బూజ, అంటే పుచ్చకాయ. కాయల్ని జీపులో వేసుకుని వదినె తనే నగరం మార్కెట్‌కు వెళ్లి దిగబెట్టి వచ్చేది. మార్చి నెలలో ఒక మధ్యాహ్నం అలా వెళ్లి వస్తూ, పర్మనెంట్ కొలువు వదులుకున్న ఆడబిడ్డ ఏం చేస్తున్నదో కళ్లారా చూద్దామని మా ఆఫీసు ముందు జీపు ఆపింది. చంకలో, అమ్మగా మిగిలిన ఒక తర్బూజ కాయ.

హాలంతా చూసి, "ఏం పంతులమ్మా, మంచి మంచి కుర్చీలు ఇచ్చిన్రు. పనేంది?" అంది. మొయినాబాద్‌లో కూర్చుని విదేశంలోని పంపు ముక్కను తిప్పి చూపిస్తాం అన్నాను. తిప్పి చూపించమంది. చూపించాను. తనూ తిప్పుతానంది. ఇక్కడ నాకు ఒక ఆలోచన వచ్చిన మాట నిజం: మౌస్ ఎన్నడూ ముట్టని మనిషి కూడా వాడగలిగితే కిరణ్ నోరు మూయించవచ్చు. కుర్చీలో కూర్చోబెట్టాను. మౌస్ ఎలా పట్టుకోవాలో, బటన్ ఎలా నొక్కాలో చెప్పాను. ముక్క మూతి దగ్గర ఒక బోల్టు రంధ్రం ఉంటుంది, దాన్ని నీ ముందుకు తెచ్చుకో అన్నాను.

వదినె ఆ రంధ్రం మీద బాణం గుర్తు పెట్టింది, బటన్ నొక్కింది, తన వైపుకు లాగింది. మొదటిసారి రంధ్రం వచ్చింది. కొంచెం పక్కకు వచ్చింది, సరే. రెండోసారి ఇంకో మచ్చను పట్టుకుని లాగితే అది ఎడమకు పోవాల్సింది పైకి పోయింది. మూడోసారి కుడికి లాగితే ఎడమకు తిరిగింది. ఇంతలో మొదటి రంధ్రం ఎటుపోయిందో కనిపించలేదు. వెనక నిలబడి నేను సలహాలిస్తున్నాను, ఇప్పుడు కిందికి లాగు, పైకి వస్తుంది అని. ఆ మాట నా నోటితో నేను అంటూనే విన్నాను.

వదినె మౌస్ వదిలేసింది. "నేను వట్టుకున్న జాగ నా ఏలు కింద ఉంటలేదు. జారిపోతున్నది."

తిప్పడం అలవాటు లేక అలా ఉంటుంది వదినె, అన్నాను.

"తిప్పుడా? నువ్వు తిప్పుతున్నవు, అందుకే ఇట్ల. తిప్పుడు వేరు, దొర్లిచ్చుడు వేరు. ఇసుర్రాయిని తిప్పుతరు, దానికి నడుమ కర్ర ఉంటది. గీ కాయకు కర్ర ఏడున్నది?" అని చంకలోని తర్బూజను బల్ల మీద పెట్టి, అరచెయ్యి దాని మీద ఆనించి ఇటు అటు జరిపింది. కాయ ఎటు కావాలంటే అటు దొర్లింది. అరచెయ్యి కింద ఉన్న చోటు అరచెయ్యి కిందనే ఉంది. నేలకు ఆనిన పసుపు మచ్చ క్షణంలో పైకి వచ్చింది. మచ్చ మంచి పసుపులో ఉంటే కాయ పండినట్టు. రోజుకు ఎన్ని వందల కాయలు అలా చూస్తుందో ఆమెకే తెలియదు.

కిరణ్ పక్కనే నిలబడి చూస్తున్నాడు. మొదట నేను రాసింది గుడి చుట్టూ తిరిగినట్టు ఉండేదమ్మా అని తన పద్ధతి కూడా ఆమెకు చెప్పాడు. వదినె నవ్వింది. "దేవుని చుట్టు మనం తిరుగుతం బిడ్డా. కాయ చుట్టు ఎవరన్న తిరుగుతరా? మార్కెట్ల నవ్వుతరు." టీ తాగి, కాయను మాకు కోసుకోమని ఇచ్చి, జీపెక్కి వెళ్లిపోయింది.

నాకు ఆమె మాటల్లో ఒకటి గుచ్చుకుంది. జారిపోతున్నది. ఎక్కడో చదివాను. బీరువాలోంచి తనిఖీదారుల ఉత్తరం తీశాను. రెండో పేజీ మధ్యలో ఉంది: "ముక్కను పట్టుకుంటాం, కాని పట్టుకున్న చోటు మా చేతిలోంచి జారిపోతోంది." మా వదినె అన్న మాటే. ఎన్నో ఏళ్లుగా ముక్కలను చేతులతో తిప్పిన మనుషులు తమ బాధను సరిగ్గా, కొలిచినట్టు చెప్పారు. దాన్ని "రొటేషన్ స్మూత్‌గా లేదు" అని మార్చింది ఎవరు? నేను. ముగ్గురు ఇంజనీర్ల మూడు వారాలు, నా పన్నెండు రోజులు, పద్నాలుగు పేజీలు, అన్నీ నేను నీటుగా కుదించిన ఒక్క వాక్యం కింద పడి పోయాయి. ఉత్తరం తెచ్చి కిరణ్ ముందు పెట్టి, రిజిస్టర్‌లోని నా వాక్యం పక్కన పెట్టాను. ఒప్పందం ప్రకారం ఏమైనా అను అన్నాను. అతను చదివి, "తర్బూజ కోద్దాం మేడమ్, ఆకలైతున్నది" అన్నాడు. అంతకంటే పెద్ద మర్యాద ఆ తర్వాత నా ఉద్యోగంలో ఎవరూ చేయలేదు.

ఇక పని సులువైంది, ఎందుకంటే ఏం కావాలో ఒక వాక్యంలో తెలిసింది. పట్టుకున్న చోటు వేలి కిందే ఉండాలి. వస్తువును కప్పుతూ తెర మీద కనిపించని గాజు గోళం ఒకటి ఉందనుకుందాం. మౌస్ నొక్కినచోటు ఆ గోళం మీద ఒక బిందువు. జరిపాక ఇంకో బిందువు. గోళం కేంద్రం నుంచి ఆ రెండింటికీ రెండు గీతలు గీస్తే, వాటి మధ్య ఉన్న కోణమే ఎంత దొర్లించాలో చెబుతుంది. రెండు గీతలకూ లంబంగా ఉండేదే ఆ క్షణానికి ఇరుసు. ముందుగా పాతిన కర్ర లేదు. చెయ్యి కదిలినప్పుడల్లా కొత్త ఇరుసు పుడుతుంది. గోళం బయట పట్టుకుని లాగితే మాత్రం బండి చక్రం అంచు పట్టుకుని తిప్పినట్టు తిరుగుతుంది, అదీ అవసరమే.

నా పాత కోడ్‌లో తప్పు ఎక్కడుందో కూడా అప్పుడు కనిపించింది. రెండు భ్రమణాలను కలపాలంటే గుణించాలి. ఇక్కడ గుణకారంలో కుడి ఎడమలు మారితే ఫలితం మారుతుంది. నేను కొత్త భ్రమణాన్ని వస్తువు వైపు గుణించాను, చూసేవాడి వైపు గుణించాల్సింది. ముక్క తలకిందులై ఉన్నప్పుడు దాని కుడి మన ఎడమ కదా. నా ప్రోగ్రామ్ ముక్క మాట విన్నది, మనిషి మాట వినలేదు. గణితం తప్పు కాదు, ఎవరి పక్షాన నిలబడాలో తప్పు. రెండో సంవత్సరం పిల్లలు ఈ తప్పు చేస్తే నేను సున్నా వేసేదాన్ని. కిరణ్‌కు ఒకసారి వేశాను కూడా. ఆ సంగతి అతనే గుర్తు చేశాడు.

చివరి వారం ఒక తగువు వచ్చింది. అప్పట్లో మేము చదివిన వ్యాసాల్లో ఇచ్చిన సూత్రం ప్రకారం, చెయ్యి జరిగిన కోణానికి వస్తువు రెట్టింపు తిరుగుతుంది. ఆ పద్ధతికి గణితంలో ఒక అందం ఉంది. ఒక్క లాగుడులో పూర్తి చుట్టు కూడా తిప్పవచ్చు. కిరణ్ అదే ఉంచుదామన్నాడు, సగం చేస్తే మధ్యలో వదిలి మళ్లీ పట్టుకోవాల్సి వస్తుందన్నాడు. నేను వాదించలేదు. ముక్క మీద ఒక ఎర్ర చుక్క పెట్టి, దాన్ని పట్టుకుని పక్కకు లాగమన్నాను. లాగాడు. చుక్క వేలికంటే ముందే పరుగెత్తి అంచు దాటి వెనక్కి పోయింది, అతని బాణం గుర్తు ఖాళీ లోహం మీద మిగిలింది. జారిపోతున్నది అని ఉత్తరంలో రాసింది ఇదే కదా అన్నాను. అతను మళ్లీ లాగి చూశాడు, మళ్లీ పోయింది. "సగం చేయుండ్రి మేడమ్. కాయను గూడ చెయ్యి మార్చి మార్చే చూస్తం గదా" అన్నాడు. సగం చేశాం.

ఏప్రిల్ ఆఖరు వారంలో వాళ్లు వచ్చారు. తోటలో ఎండ మండిపోతోంది. కరెంటు పోకూడదని మేనేజర్ జనరేటర్ తెప్పించాడు. పెద్ద తనిఖీదారు అరవైకి దగ్గరగా ఉన్న మనిషి, లావుపాటి వేళ్లు, గోళ్ల అంచుల్లో వదలని నలుపు. నేరుగా వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. మౌస్‌ను చూసిన చూపులోనే దాని మీద ఉన్న విశ్వాసం ఎంతో తెలిసింది. రెండుసార్లు ఈ ప్రోగ్రామ్ చేతిలో మోసపోయినవాడు కదా. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, ట్రైనీకి ఆ రోజు కుర్చీ లేదు.

మొదటి నిమిషం ఆయన చెయ్యి బిగుసుకుని ఉంది. కొంచెం లాగి ఆగేవాడు, మళ్లీ కొంచెం లాగేవాడు. చిన్నగా భుజం వదులైంది. ముక్కను పక్కకు దొర్లించాడు, వెనక్కి దొర్లించాడు, మూతిని ముందుకు తెచ్చి లోపలి అంచు చూశాడు. వదిలి, ఇంకో చోట పట్టుకుని, మళ్లీ దొర్లించాడు. రెండో చెయ్యి, మౌస్ మీద లేని ఎడమ చెయ్యి, బల్ల మీద తనంతట తనే వంపు తిరిగి ఏదో పట్టుకున్నట్టు కదలడం నేను చూశాను. నా పక్కన నిలబడ్డ కిరణ్ కూడా చూశాడు. గదిలో జనరేటర్ చప్పుడొక్కటే. ఇరవై నిమిషాలు అలా గడిచాయి.

తర్వాత ఆయన వెనక్కి వాలి, తల అడ్డంగా ఊపి, దుబాసీతో ఒక్క మాట అన్నాడు. దుబాసీ మా వైపు తిరిగి, రిజెక్ట్ చేస్తున్నానంటున్నారు అని చెప్పింది.

మేనేజర్ ముఖంలో రక్తం లేదు. రాజీనామా ఉత్తరం, వదులుకున్న కాలేజీ, నిలదీసే చుట్టాలు, అన్నీ ఒక్కసారి నా కళ్ల ముందు నిలిచాయి. కిరణ్ ఒక్కడే తొణక్కుండా అడిగాడు, దేన్ని రిజెక్ట్ చేస్తున్నారు అని. దుబాసీ ఆయన్ని అడిగింది. ఆయన ఇదేం ప్రశ్న అన్నట్టు చూసి, తెర మీద లోపలి అంచు దగ్గర వేలు పెట్టి చూపించాడు. అక్కడ చీమ తలంత గాలి బుడగ గుంట ఉంది. మూడు నెలలుగా రోజూ మేమంతా చూస్తున్న ముక్క అది. మాలో ఒక్కరికీ ఆ గుంట కనిపించలేదు. ఆయన రిజెక్ట్ చేసింది పంపు ముక్కను. ప్రోగ్రామ్ పరీక్షించడానికి వచ్చిన సంగతే ఆయన మర్చిపోయాడు. తన పని తను చేసుకున్నాడు.

మా వ్యూయర్‌కు అంతకంటే గట్టి మార్కులు ఎవరూ వేయలేరు. నేను ఎన్నో సర్టిఫికెట్లు చూశాను, కొన్ని నేనే సంతకం పెట్టాను. ఆ "రిజెక్ట్" అన్న మాటకు సాటి వచ్చేది నా దగ్గర ఒక్కటీ లేదు. సాయంత్రానికి యాక్సెప్టెన్స్ కాగితం మీద సంతకాలైపోయాయి. మే నెలలో నా ప్రొబేషన్ ముగిసి, హోదాలోంచి ట్రైనీ అన్న మాట పోయింది. వదినెకు ఫోన్ చేసి చెబితే, సరే గని, దొర్లిచ్చుడు రాక మూడు నెలలు తిప్పిన్రా, ఇంత చదువు చదివి, అంది. ఆడబిడ్డ గెలుపును వదినె అంతకంటే మెచ్చుకుంటే లోకం తలకిందులైనట్టే.

ముక్కను దొర్లించే ఆ పద్ధతిని తర్వాత మా కంపెనీ చాలా ప్రోగ్రాముల్లో వాడింది. నేను టీమ్ లీడ్ అయ్యాను, తర్వాత మేనేజర్ అయ్యాను, ప్రిన్సిపల్ ఇంజనీర్‌గా రిటైరయ్యాను. ఈ ఉదంతం నాకు నేర్పినది గణితం కాదు, అది నాకు ముందే వచ్చు. వాడేవాడు బాగాలేదన్నప్పుడు కారణం అతను చెప్పలేకపోవచ్చు, కాని ఏ మాటతో చెప్పాడో ఆ మాటలోనే కారణం ఉంటుంది. మనం దాన్ని మన భాషలోకి దిద్దామంటే కారణాన్ని చెరిపేసినట్టే. అందుకని నేను లీడ్ అయిన రోజే లోపాల రిజిస్టర్‌లో కొత్తగా ఒక గడి చేర్చాను. వాడినవాళ్లు అన్న మాట, అన్నది అన్నట్టుగా. భాషలో తప్పులున్నా దిద్దడానికి వీల్లేదు, కుదించడానికి వీల్లేదు. కొత్త ఇంజనీర్లు నీటుగా రాయబోయినప్పుడల్లా వెనక్కి పంపాను. నేను రిటైరయ్యేదాకా ఆ గడిలో ఎవరినీ చెయ్యి పెట్టనివ్వలేదు, నాతో సహా.